గ్లాస్ బోటులో నవ్వే ఉద్యోగం

ఆ రోజుల్లో నవ్వినందుకు జీతమిచ్చేవాళ్ళుండేవారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అదీ సునామీ వచ్చి ఏడాదైనా నిండని అండమాన్‌లో, ఏ ఇంటికెళ్ళినా ఎవరో ఒకరు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్న కాలంలో! కానీ ఆ ఉద్యోగం నేను చేశాను. పంతొమ్మిదేళ్ళ వయసులో, వండూర్ జెట్టీ దగ్గర, మా బావ గ్లాస్ బోటులో దొంగ టూరిస్టుగా చేరాను. (అనుభవ ధ్రువపత్రం అడిగితే బావ ఇవ్వడు. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతాడు.)

మా బావంటే మా అక్క మొగుడు. అడుగున అద్దం బిగించిన బోటొకటి ఉండేది అతనికి. సెలవులకొచ్చిన వాళ్ళని ఎక్కించుకుని, పగడాల దాకా తీసుకెళ్ళి, అద్దంలోంచి చేపల్ని చూపించి తీసుకొచ్చేవాడు. సునామీ నాడు ఆ బోటుని కెరటం మోసుకెళ్ళి ఎవరిదో కొబ్బరితోటలో దించింది. బావ దాన్ని బయటికి లాగించి, బాగుచేయించి, మళ్ళీ నీలంరంగు వేయించాడు. అంతా అయ్యాక చూస్తే ఎక్కేవాడు లేడు. ఎప్పుడో వారానికో టూరిస్టుల బస్సు వచ్చేది. దిగినవాళ్ళు బోటుని చూసేవారు, సముద్రాన్ని చూసేవారు, కొబ్బరిబొండాలు తాగి మళ్ళీ బస్సెక్కేవారు. ఖాళీ బోటు ఎవరూ ఎక్కరని, లోపల ఒకడు ముందే కూర్చుని హాయిగా నవ్వుతూ కనబడితే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుందని బావ బుర్రకు తట్టింది. ఆ ఒకడు ఎవరా అని చుట్టూ చూస్తే, పని లేకుండా తిరుగుతున్న బావమరిది కనబడ్డాడు.

పూలచొక్కా, టోపీ, నల్లకళ్ళద్దాలు, రీలు లేని కెమెరా నాకు అప్పగించి బావ శిక్షణ మొదలెట్టాడు. “అల కొట్టగానే నవ్వాల. ముందే నవ్వీసేవనుకో, పిచ్చోడనుకుంటారు. ఆలీసంగా నవ్వితే భయపడ్డాడనుకుంటారు. టైమింగ్, సమఝా?” అన్నాడు. బావ ఇంటి వెనకాల బకెట్లో చెయ్యి పెట్టి నీళ్ళు నా మొహాన కొడుతూ రెండు రోజులు నవ్వించాడు. మా అక్క పెరటి గుమ్మంలోంచి చూసి, మా ఇద్దరికీ మతి పోయిందనుకుని లోపలికెళ్ళిపోయింది.

నవ్వడం నాకూ పెద్ద కష్టమయ్యేది కాదు, మా నాన్న ఆ సముద్రంలో లేకపోతే. నాన్న తాపీమేస్త్రీ. క్వార్టర్లు కట్టే పనికి సునామీకి నాలుగు రోజుల ముందు ఓడెక్కి కార్ నికోబార్ దీవికి వెళ్ళాడు. ఆ ఆదివారం పొద్దున్న మిడిల్ పాయింట్ పేటలో మా ఇల్లు భూకంపానికి ఊగిపోతే రోడ్డు మీదికి పరిగెత్తిన మేము, నాన్నకేమీ అయి ఉండదని మధ్యాహ్నం దాకా ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నాం. ఆ దీవి నుంచి విమానాల్లో తెచ్చిన మనుషుల ముందు నాన్న ఫోటో పట్టుకుని నిలబడ్డాను. ఒకాయన చూశానన్నాడు. ఇంకొకాయన చూడలేదన్నాడు. మూడో ఆయన తన వాళ్ళ ఫోటో తీసి నా చేతిలో పెట్టాడు.

నాన్న దొరకలేదు. నెలలు గడిచాక, ఇక లేడని ఒప్పుకుంటూ అమ్మ ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు ఆఫీసులో. గుమాస్తా మంచివాడే, కుర్చీ వేసి “మాజీ, యహాఁ సైన్ కీజియే” అని పెన్ను అందించాడు. అమ్మ పెన్ను ముట్టుకోలేదు. “మడిసిని సూపించండి. అప్పుడు పెడతాను” అని లేచి వచ్చేసింది. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి ఇంటికొచ్చాక నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, సముద్రంలో కాలు పెట్టనని నాచేత ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి అమ్మ లెక్క ప్రకారం నేను ఫెరార్‌గంజ్‌లో ఒక కొట్లో సామాన్లు కట్టేవాణ్ణి. (బోటులో కూర్చుంటే నీళ్ళలో కాలు పెట్టినట్టు కాదని బావ తేల్చాడు. తన లాభానికి బావ ప్లీడరీ కూడా చేయగలడు.)

ఉద్యోగం బాగానే సాగింది. అల కొట్టినప్పుడల్లా రెండు చేతులతో బల్ల పట్టుకునేవాణ్ణి. నోరు తెరిస్తే మేకపిల్ల అరిచినట్టు ఒక శబ్దం వచ్చేది. జనం దాన్నే నవ్వు అనుకుని బోటెక్కేవారు. ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. నేను హైదరాబాద్ వాణ్ణని చెప్పాలని బావ ఆజ్ఞ. “హైదరాబాద్‌లో ఎక్కడ బాబూ?” అన్నాడాయన. పుట్టి బుద్ధెరిగాక మెయిన్‌లాండ్ మొహం చూడని నేను, ఊరన్నాక జెట్టీ ఉండక పోతుందా అని, “జెట్టీ పక్కనేనండి” అన్నాను. “ఏ జెట్టీ?” అన్నాడాయన. “పెద్ద జెట్టీయేనండి, ఓడలు ఆగే చోటు” అన్నాను. పాపం ఆయన భార్య, “హుస్సేన్ సాగర్ గట్టున అయ్యుంటుందిలెండి” అని నన్ను ఒడ్డున పడేసింది. ఇంజను దగ్గర బావ తల బాదుకోవడం నాకు కనబడుతూనే ఉంది.

నవ్వు రాని రోజు ఒకటి వచ్చింది. అద్దం కింద విరిగిన పగడాల మధ్య ఒక స్టీలు గిన్నె, మూత, గరిటె పడి ఉన్నాయి. కెరటం ఎవరి వంటింట్లోంచో ఎత్తుకొచ్చినవి. ఒక పిల్ల చూసి, “అమ్మా, చేపలు అన్నం వండుకుంటున్నాయి!” అంది. బోటంతా నవ్వింది. బావ నాకేసి చూశాడు. నేనూ నవ్వాను, ఉద్యోగం కదా. ఒడ్డుకొచ్చాక జెట్టీ వెనక్కెళ్ళి పొద్దున తిన్నదంతా కక్కేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకే చెబుతున్నాను.

చివరికి నన్ను పట్టించింది ఆ నల్లకళ్ళద్దాలే. మొహమంతా మాడి, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లటి చక్రాలు మిగిలాయి. “కొట్లో కూకునేవోడికి ఇవేట్రా?” అంది అమ్మ. “ట్యూబులైటు” అన్నాను. అంతకంటే తెలివైన జవాబు తట్టలేదు. అమ్మ ఇంకేమీ అడగలేదు. అడగకపోయేసరికి నమ్మిందనుకున్నాను.

ఆ వారంలోనే, నేను టోపీ సర్దుకుంటూ బోటులో కూర్చుని ఉండగా, బస్సు దిగి అమ్మ జెట్టీ మీద నడిచి వచ్చింది. వచ్చే దారిలో వరిపొలాలన్నీ ఇంకా ఉప్పునీళ్ళలోనే ఉన్నాయి, అవన్నీ చూసుకుంటూ వచ్చింది. బావ “అత్తా...” అని నోరు తెరిచాడు గానీ ఆవిడ అందరితోపాటు టిక్కెట్టు చూపించి బోటెక్కింది. సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. మా ఇద్దరి మధ్యా ఆ అద్దం తప్ప ఏమీ లేదు. బోటు కదిలింది, అల కొట్టింది. రెండు రోజుల శిక్షణ ఊరికే పోతుందా, నేను నవ్వాను. అమ్మ నన్నే చూసింది. ఇంకో అల, ఇంకో నవ్వు. పక్కనున్న కలకత్తా ఆయన “మస్త్ ఆద్మీ హై!” అని నా వీపు తట్టాడు. దేవుడా, ఈ బోటు మునిగిపోనీ అని మొక్కుకుని, వెంటనే లెంపలేసుకున్నాను.

పగడాల మీద బావ ఇంజను ఆపాడు. అందరూ కిందికి వంగారు. అమ్మ కూడా వంగింది, మళ్ళీ తల ఎత్తలేదు. చేపలూ నక్షత్రచేపలూ చూసేసి అందరూ నిటారుగా కూర్చున్నాక కూడా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని అద్దానికి మొహం ఆనించి ఉంది. “బాబూ, ఇంకోపాలి తిప్పు. మెల్లగా” అంది. బావ తిప్పాడు. ఇంకోసారి అంది. తిప్పాడు. అమ్మ ఏం వెతుకుతోందో అప్పుడు తెలిసింది నాకు. బావకీ తెలిసింది.

“ఇక్కడ లోతెంత?”

“రెండు నిలువులు, అత్తా.”

“మరి కార్ నికోబార్ కాడ?”

బావ ఇంజను తాడు సవరించడం మొదలెట్టాడు. “బోల్ నా” అంది అమ్మ.

“అక్కడ అడుగు కనపడదు అత్తా. ఏ బోటేసుకెళ్ళినా కనపడదు.”

అమ్మ లేచి మళ్ళీ నా ఎదురుగా కూర్చుంది. కొంగుతో అద్దం మీది తడి తుడిచింది. “అవి తియ్యి” అంది నాతో. కళ్ళద్దాలు తీశాను. కలకత్తా ఆయన తెల్లబోయి చూస్తుంటే, “మేరా బేటా హై” అని చెప్పింది ఆయనకి. తర్వాత నా వైపు తిరిగి, “ఏడుపొస్తే ఏడు. నవ్వకు” అంది. నేను ఏడ్చాను. అన్ని నెలలూ ఏడవనిదంతా, పూలచొక్కా వేసుకుని, ముక్కూ మొహం తెలియని జనం ముందు ఏడ్చాను. బావ ఎవరినీ ఏమీ అడగకుండా బోటు వెనక్కి తిప్పాడు.

అమ్మా నేనూ తిరుగు బస్సెక్కాం. మా స్టాపు వస్తోందని కండక్టరు అరిచినప్పుడు అమ్మ నా వైపు తిరిగి, “రేపాపీసుకి ఎల్దాం. ఆ కాయితం మీద సంతకం పెట్టీస్తాను” అంది. మర్నాడు నిజంగానే పెట్టింది. తెలుగులో, ఒక్కో అక్షరం ఆపి ఆపి, తన పేరు పక్కన నాన్న పేరు కూడా రాసింది. అక్కడ రాయక్కర్లేదని గుమాస్తా చెప్పబోయి, ముద్ర అందుకున్నాడు.

నా నవ్వుల ఉద్యోగం ఆ రోజుతో సరి. తర్వాత చదువుకుని, ఫ్యాను కింద కూర్చునే పని సంపాదించుకున్నాను, కాస్త పొట్ట కూడా వచ్చింది. మెయిన్‌లాండ్ నుంచి చుట్టాలొస్తే సెలవు పెట్టి వండూర్ తీసుకెళతాను. వాళ్ళతో బోటెక్కేది అమ్మే. డెబ్భై దగ్గర పడుతున్నా అందరికంటే ముందెక్కి అద్దం పక్కన చోటు చూసుకుంటుంది, ఏ చేప పేరేమిటో పిల్లలకి చెబుతుంది. నన్నూ రమ్మని చెయ్యి ఊపుతుంది. నేను జెట్టీ మీద చుట్టాల సంచులు చూపించి, వీటినెవరు చూస్తారని సైగ చేస్తాను. అమ్మ బలవంతపెట్టదు. బోటు వెళ్ళిపోతుంది. ఇంతకీ ఆ సంచుల్లో ఉండేవేమిటి, తడి తువ్వాళ్ళూ, సగం తిన్న చిప్స్ పొట్లాలూ. నలభై ఏళ్ళవాడు అంత శ్రద్ధగా కాపలా కాయాల్సిన వస్తువులేం కాదు.