తలలో మిషన్ ఉన్న మనిషిని నేనే

మనిషీ యంత్రమూ ఒకటైపోయే రోజుల గురించి రాసిన నవలట. మా స్కూల్లో తెలుగు మాస్టారు తెచ్చిచ్చి, "మీకు బాగా నచ్చుతుంది మేడమ్" అని కాగితం మీద రాసి చూపించారు. కాగితం మీద ఎందుకంటే, అప్పటికి వారం రోజులుగా నాకేమీ వినపడటం లేదు.

డిగ్రీ చదివేటప్పుడు జ్వరమొచ్చి నా రెండు చెవులూ పోయాయి. తర్వాత ఆపరేషన్ చేసి, కుడిచెవి వెనక పుర్రె లోపల ఒక చిన్న పరికరం పెట్టారు. చెవికి తగిలించుకునే మిషన్ బయటి మాటను దానికి అందిస్తుంది. రెండూ కలిస్తేనే నాకు వినపడుతుంది. దాంతోనే తొమ్మిదేళ్లుగా చిలకలూరిపేటలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను.

అంతకు ముందు ఆదివారం కల్లంలో మిరపకాయలు ఎండబోస్తూ అమ్మకు సాయం చేస్తుంటే, చెమటకు మిషన్ తడిసి గరగరలాడింది. తీసి కాయలు పోసిన పట్టా అంచున పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్లాను. అమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే, తడిసినదాన్ని ఎండలో పడెయ్యడం. నల్లపట్టా మీద, కాయల మధ్య, మిట్టమధ్యాహ్నం ఎండలో దాన్ని ఆరబెట్టింది. నేనొచ్చి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఇక పలకలేదు. అమ్మనేమనగలను? నలభై ఏళ్లుగా ఆమె తడిసిన ప్రతి కాయనూ అలాగే కాపాడుకుంది.

నా కోపమంతా గుంటూరు బ్రాడీపేటలో నాకు ఆపరేషన్ చేసిన క్లినిక్ మీద. "ఆ మోడల్ ఆపేశారండీ" అని కాగితం మీద రాసిచ్చింది కౌంటర్లో అమ్మాయి. కొత్త మిషన్లు నా తలలో ఉన్న పాతదానికి కుదరవట. కంపెనీకి రాశారట, వాళ్లేమన్నారో ఫోన్ చేసి కనుక్కోవాలట. ఫోన్ చేయాలట, నేను! ఆపేశారంటే ఏమిటి? కొత్తది వచ్చిందని అటకెక్కించడానికి నా తలలో ఉన్నది పాత మిక్సీయా? ఎముకలో పెట్టి కుట్టేసిన రోజున ఈ ముక్క ఒక్కరైనా చెప్పారా?

ఇంటికొచ్చి నవల తెరిచాను. తలలో యంత్రం పెట్టగానే హీరో సముద్రాల అవతలి గుసగుసలు కూడా వింటాడు. చావును కూడా జయిస్తాడు. మూడొందల పేజీల్లో మహానుభావుడు ఒక్కసారి బ్యాటరీ మార్చడు, చెమట పట్టదు, నీ మోడల్ ఆపేశాం పొమ్మని ఎవడూ అనడు. నాకు ఒళ్లు మండిపోయింది. రాసినాయన ఎదురుగా ఉంటే కడిగేసేదాన్ని. భవిష్యత్తట, భవిష్యత్తు! అయ్యా, అది మా ఊరికి ఎప్పుడో వచ్చింది. వచ్చి పాడైపోయి, విడిభాగాలు దొరక్క కూర్చుంది.

మర్నాడు హెడ్మాస్టరు గారి మెసేజ్ వచ్చింది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి, సోమవారానికి మీకు వినపడకపోతే వేరే టీచర్ని పెట్టుకుంటాం, ఏమీ అనుకోవద్దు అని.

అది చదివి చెప్పగానే అమ్మ క్లినిక్‌కి ఫోన్ చేసింది. అవతల రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కమంటోందని, రెండు నొక్కమంటోందని నాకు వేళ్లతో చూపించింది. ఒకటి నొక్కింది. రెండు నొక్కింది. మళ్లీ మొదటికే వచ్చింది. అమ్మ మొహం జేవురించింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. పెదాల మీద ప్రతి మాటా నాకు స్పష్టంగా కనపడింది.

"ఇందాకట్నుంచీ చెబుతున్నా గదటే, నా కూతురి మిషను సంగతని! నీకేవన్నా చెవుడా?"

అనేసి, టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా చెవులు పోయినప్పటి నుంచీ ఆ మాట మా ఇంట్లో ఎవర్నీ అననివ్వలేదు. ఆ మాట అన్నందుకు సొంత ఆడపడుచుతోనే మాటలు మానేసింది. ఇప్పుడు నా వైపు చూస్తూ కూలబడిపోయింది. "నేనే పాడుచేశానే తల్లీ" అంది.

నాకు ఏడుపు రాలేదు. చెప్పులేసుకుని "లే అమ్మా, పద" అన్నాను. గట్టిగానే అనుంటాను, పక్కింటావిడ బయటికొచ్చి చూసింది. గుంటూరు బస్సెక్కి, తిన్నగా వెళ్లి ఆ కౌంటరు ముందు కూర్చున్నాం. ఫోన్లు వద్దు, కాగితాలు వద్దు. నా తలలో దాన్ని పెట్టిన డాక్టరే బయటికొచ్చి, నా మొహంలోకి చూసి, నీకిక వినపడదమ్మా అని తన నోటితో చెప్పాలి. చెప్పేదాకా కదిలేది లేదని కూర్చున్నాం.