రెండు గదుల మధ్య అత్త

మా అత్త విజిటింగ్ కార్డు మీద "కంపెనీల విలీన సలహాదారు" అని ఉంటుంది. మామయ్య మాత్రం ఎవరడిగినా "కొట్టుకునేవాళ్ళ మధ్య రాయబారం" అని తేల్చేస్తాడు.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో అత్తకు ఇక్కడి భాష సగమే వచ్చు. లాండ్రీ పైన ఒంటిగదిలో కాపురం. కింద యంత్రాలు తిరిగితే పైన పళ్ళెంలో చెంచాలు గంతులేసేవి. ఒకరి చొక్కా ఇంకొకరికిచ్చి లాండ్రీ యజమాని రోజూ చీవాట్లు తినేవాడు. ఏ చొక్కా ఏ సంచిలో ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ అతని కోసం రాసింది అత్త. అది ఊరంతా పాకి, ఒంటిగది కాస్తా కంపెనీ అయింది. పెద్ద కంపెనీ ఒకటి దాన్ని కొన్నప్పుడు, బేరం కుదిర్చిన సలహాదారు ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. "ఈ పని నేనైతే మనుషులతో మాట్లాడుతూ చేస్తాను" అని అత్త సొంతంగా ఆఫీసు తెరిచింది.

మొదటి బేరం లిఫ్టుల వాళ్ళది. లిఫ్టులో ఏ భాగం చెడిందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒక పెద్దాయన కంపెనీది. దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను పంపే సాఫ్ట్‌వేర్ ఒక కళ్ళజోడు అమ్మాయి కంపెనీది. రెండు కంపెనీలూ కలిస్తే తిరుగులేదు. కానీ ఇద్దరికీ క్షణం పడదు. ఈ బేరం చెడితే అత్త ఆఫీసుకు తాళం వేసి ఎక్కడో ఉద్యోగం వెతుక్కోవాలి.

అందుకే ఇద్దర్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, మధ్యలో తాను తిరిగేది. పెద్దాయన "ఆ పిల్ల మెకానిక్‌లు తాబేళ్ళు" అంటే, పక్క గదిలో "మీవాళ్ళు నిదానస్తులని మెచ్చుకున్నారు" అనేది. అమ్మాయి "ఆయన సాఫ్ట్‌వేర్ బండరాయి" అంటే, "చాలా గట్టిదంది సార్" అని చేరవేసేది. ఇద్దరూ మెత్తబడ్డారు. సంతకాలకు రోజు కుదిరింది.

ఆ ఉదయం వకీలు ఆఫీసుకు వెళ్తూ ముగ్గురూ ఒకే లిఫ్టు ఎక్కారు. సగం దూరంలో అది ఠక్కున ఆగిపోయింది.

పెద్దాయనే మొదలుపెట్టాడు. "అమ్మాయ్, నా సాఫ్ట్‌వేర్ గట్టిదన్నావట. సంతోషం."

"నేనా? బండరాయన్నాను సార్."

"అలాగా! నీ మెకానిక్‌లను తాబేళ్ళన్నానే, అది అందిందా?"

"నిదానస్తులని అందింది!"

ఇద్దరూ ఒక్కసారే అత్త వైపు తిరిగారు. పారిపోదామంటే నాలుగు వైపులా ఇనుప గోడలు.

"ఏమ్మా, ఎన్నాళ్ళుగా ఈ వంట?" అన్నాడు పెద్దాయన.

"మీరు పచ్చివి ఇచ్చారు సార్. నేను కాస్త ఉడికించాను."

అమ్మాయికి ముందు నవ్వొచ్చింది. ఆపుకోబోతే కళ్ళజోడు జారింది. అది చూసి పెద్దాయన పడీపడీ నవ్వాడు. వాళ్ళ నవ్వుకు లిఫ్టు ఊగింది. ముగ్గురూ హడలిపోయి గోడలు పట్టుకుని, మళ్ళీ నవ్వారు.

ఆ భవనం లిఫ్టులకు వాడేది వాళ్ళిద్దరి సాఫ్ట్‌వేర్లే. పెద్దాయన ఫోన్ చూసి, "తలుపు సెన్సర్ పోయింది" అన్నాడు.

"మావాడు పక్క వీధిలోనే ఉన్నాడు. కానీ ఏ సెన్సర్ తెమ్మనాలి?"

"నా తెర మీద కనబడుతోందిగా!"

"మీ తెర మీద కనబడితే మావాడికెలా తెలుస్తుంది సార్?"

"తెలిసేలా చెయ్యొచ్చు. ఇలా రా, చూపిస్తాను."

ఇద్దరూ నేల మీద చతికిలబడి ఫోన్లు పక్కపక్కన పెట్టుకున్నారు. "ఈ బటన్ ఇక్కడెందుకు?" "అదుంటేనే పని జరుగుతుంది!" "ఏం జరుగుతుందో చూస్తున్నాంగా, లిఫ్టులో ఇరుక్కుని!" అరుపులు పెరిగాయి. వాటిలో ఒక్కటి కూడా ఉడికించాల్సిన అవసరం అత్తకు కనిపించలేదు.

మెకానిక్ తలుపు తెరిచేసరికి వాదన బటన్ రంగు దాకా వచ్చింది. అతని వెనక వకీలు, చంకలో సంతకాలు పెట్టాల్సిన కాగితాలతో.

"బయటికి రండి సార్, బాగయింది" అన్నాడు మెకానిక్.

"ఉండవయ్యా, ఆకుపచ్చ ఉండాలో నీలం ఉండాలో తేలనీ!" అన్నాడు పెద్దాయన, తలెత్తకుండానే.

అత్త చెయ్యి చాపి వకీలు దగ్గర కాగితాలు, కలం లాక్కుంది. "ఇంకో ఐదు నిమిషాలు తలుపు మూసెయ్ నాయనా," అంది మెకానిక్‌తో, "వీళ్ళు బయటికొస్తే మళ్ళీ మర్యాదస్తులైపోతారు."