పదహారు మీద ప్లాస్టర్

మొన్న నరసరావుపేటలో మేనల్లుడు ముచ్చటపడి కొన్న వాల్వు ఆంప్లిఫయర్ వేడెక్కగానే కాలిన దుమ్ము వాసన వచ్చింది. దాని వెనక స్పీకర్ తీగలకు 4, 8, 16 ఓములని మూడు చోట్లున్నాయి.

“పదహారుకు మారిస్తే సౌండు పెరుగుద్దా అత్తా?”

“ముందు స్విచ్చి ఆపరా,” అన్నాను.

నేనూ ఒకప్పుడు వాడిలాగే అనుకున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న మైకుసెట్టే మా ఇంటికి అన్నం పెట్టేది. కారంపూడి ప్రార్థన కూటాల్లో వెనక కూర్చున్న ఒకావిడ, “ఏమే, మీ నాన్న సెట్టు పలకదేంది?” అంది. నాకు పౌరుషం వచ్చింది. నాన్న హారన్ల తీగను సెట్టు వెనక నాలుగుకు కలిపి ఉంచాడు. పక్కనే పదహారు ఖాళీగా ఉండగా నాలుగుతో సరిపెట్టుకోవడం పిసినారితనం అనిపించి, ఆయన టీకి వెళ్లినప్పుడు మార్చేశాను.

పాట మొదలైంది. శబ్దం పెరగలేదు కానీ, వాల్వు లోపలి రేకు నిప్పులా ఎర్రబడింది. తిరిగొచ్చిన నాన్న ముఖం పాలిపోయింది.

“అయ్యగారూ, మౌన ప్రార్థన పెట్టండి.”

“పాట సగంలో ఉందయ్యా,” అన్నారు పాస్టరుగారు.

“వాల్వు పోతే పాటా ఉండదు, నా పనీ ఉండదు.”

అందరూ కళ్లు మూసుకున్నారు. ఊరందరికన్నా నేనే గట్టిగా మూసుకున్నాను. నాన్న స్విచ్చి ఆపి, తీగ మార్చి, మళ్లీ వేశాడు. సెట్టు పలికింది.

అది నా ప్రార్థన ఫలమేనని చాలా ఏళ్లు నమ్మాను. ఆ హారన్లకు నాలుగే సరిజోడని, పదహారుకు కలిపితే భారమంతా వాల్వు మీద పడుతుందని ఇంజనీరింగ్ కాలేజీలో తెలిసింది.

ఎవరు మార్చారని నాన్న అడగలేదు. మర్నాడు పదహారు మీద ప్లాస్టర్ అంటించి ఉంది. ఆ సెట్టును ఆయన కాక ముట్టుకునేది ఇంట్లో నేనొక్కదాన్నే.