మారోతి పళ్లెం కింది మబ్బు

ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే మారోతి మా గల్లీకి ముప్పై ఏళ్లుగా వస్తున్నాడు. నాందేడ్‌లో ఎన్ని స్టీలు దుకాణాలు లేచినా నా పప్పుగిన్నె ఇత్తడిదే. కొలిమి రాజేసి, గిన్నె బాగా కాలాక చిటికెడు నవసాగరం చల్లుతాడు. అదో తెల్లటి ఉప్పు. ఘాటు పొగ లేస్తుంది.

"నా ముక్కు పోతున్నది మారోతీ!"

"మరి తొంగి చూడుమని ఎవరన్నరక్కా? దూరం కూసో."

మా ఇద్దరికీ ఇది మామూలే.

మొన్న ఎండల్లో అతనితో బిడ్డ మీరా కూడా వచ్చింది. బీఎస్సీ చదువుతోంది. నీడన కూర్చుని పుస్తకం మూసేసి, "రేపు నేను కాలేజీకి పోను బాపూ" అంది.

ఎందుకని నేనే అడిగాను. అడక్కపోతే నాకు అన్నం దిగదు.

"అందరి ముంగట మాట్లాడాలె అత్తా. ఎక్కడనో గ్రహాలున్నయట, వాటి సూర్యునికి మస్తు దగ్గర. ఎండ తగిలే దిక్కు వెయ్యి డిగ్రీలు దాటుతదట. ఆడ రాయి గూడ ఆవిరైతదట, చీకటి దిక్కుకు పోయి చల్లబడి మబ్బైతదట. రాయి మబ్బెట్లయితదని సారడిగితే? నాకే నమ్మబుద్ధయితలేదు."

"నలభై మూడు డిగ్రీలకే మనకు మబ్బు కనవడుత లేదు, గంత వేడిల మబ్బేంది?" అన్నాను.

మారోతి తిత్తి ఆపాడు. "అక్కా, చల్లటి పళ్లెం ఒకటియ్యి."

కాలిన గిన్నెలో నవసాగరం వేసి, పైన పళ్లెం పట్టాడు. "గిన్నెకు ఆనుకోని ఉన్న కాడ చూడు బిడ్డా, పొగ పల్చగున్నది. జానెడు మీద తెల్లగయింది." పళ్లెం తిప్పాడు. అడుగున తెల్లటి పొడి! "వేడికి మాయమైతది, సల్లదనం తగిలితె మల్ల అస్తది. నేను రోజూ గీకి డబ్బల ఏసుకుంట. దుబారా ఎందుకు?"

మీరా పళ్లెం చేతికి తీసుకుంది. "అత్తా, ఇది తీస్కపోనా?"

మర్నాడు సాయంత్రం తండ్రీ బిడ్డా ఇద్దరూ వచ్చారు.

"సారు గదే అడిగిండత్తా! పళ్లెం చూపిచ్చిన. ఉప్పు వేరు, రాయి వేరు, రాయికి ఇంకా మస్తు వేడి కావాలని గూడ చెప్పిన. సారు వేలుతోని గీకి చూసిండు. ఎవలు నేర్పిండ్రంటే బాపు పేరు చెప్పిన."

మారోతి తల దించుకున్నాడు. "గిన్నెలేమన్న ఉన్నయా అక్కా?"

నా గిన్నెలన్నిటికీ ముందురోజే కళాయి అయిపోయింది. అయినా అటక మీది పాత గంగాళం దింపించాను. నాలుగో తరగతితో ఆగిన నాకు, ఆకాశంలో జరిగేదాన్ని నా వాకిట్లో చూపించినవాణ్ని ఉత్తచేతులతో ఎలా పంపను?

పొగ లేచింది. దగ్గొచ్చింది. ఈసారి మారోతిని తిట్టలేదు.