అంగట్లో అనకూడని మాట

తమిళనాడులోని ధర్మపురి బజారులో పసుపు, కర్పూరం, పప్పులు అమ్మే అంగడి గోకులకృష్ణన్‌ది. తల్లి తాయారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. అతను మూటల మధ్య లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ప్రోగ్రాములను నడిపే ఒక సాఫ్ట్‌వేర్‌కు కొత్తవాళ్ల కోసం తమిళంలో ఉన్న గైడును సరిదిద్దుతుంటాడు. ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదువుకుంటాడు. బరువైన మాట తగిలితే ముక్కు గోక్కుని తీసేస్తాడు. అడిగిన సరుకు లేకపోతే వాళ్ల అంగట్లో లేదనరు, వస్తుందంటారు. లేదంటే లక్ష్మి వెళ్లిపోతుందని నమ్మకం. పాత వెర్షన్‌లో లేని ఒక సౌకర్యం గురించి కూడా అతను గైడులో "వస్తుంది" అనే రాశాడు.

ఒక మధ్యాహ్నం మాదేశ్వరి అనే విద్యార్థిని దగ్గర్నుంచి సందేశం వచ్చింది. ఆ సౌకర్యం కోసం వారంగా ఎదురుచూస్తోందట. రేపు ప్రాజెక్టు ఇవ్వకపోతే ఫెయిలవుతుందట. గోకులకృష్ణన్ కొత్త వాక్యం కట్టి పైకి చదివాడు: "పాత వెర్షన్‌లో ఇది లేదు. కొత్తది దించుకోండి."

తాయారు తల తిప్పింది. "రేయ్, అంగట్లో కూచోని ఏం మాట రా అది?"

"కంప్యూటర్లో కదా మా."

"యాడైతే ఏమి? వస్తుందని రాయి."

"అట్ల రాసినందుకే ఆ పాప వారంగా కాచుకొని ఉంది."

"అయితే బయటికి పోయి రాయి."

అతను లేచాడు. గడప దాటి, ఎండలో స్కూటర్ సీటు మీద లాప్‌టాప్ పెట్టి, నిలబడే ఆ మాట గైడులో టైపు చేసి, ఆ అమ్మాయికీ పంపాడు. పని జరిగిందని మాదేశ్వరి జవాబిచ్చేదాకా అక్కడే ఉన్నాడు. తాయారు చెంబుతో నీళ్లు తెచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు.