గోడ మూలన ఇస్రాయేలు పేరు

ఎర్రగుంటపల్లె గోడలను గోటితో గీకితే ఊరి చరిత్ర పెళ్లలు పెళ్లలుగా ఊడి వస్తుంది. పైన తెల్ల సున్నం, దాని కింద ఒక నాయకుడు, మళ్లీ సున్నం, మళ్లీ ఒక నాయకుడు. ముప్పై ఏళ్లుగా ఆ నాయకుల్లో సగం మందిని గోడలెక్కించినవాడు ఇస్రాయేలు. మిగతా సగం అవతలి పార్టీ వాళ్లు. వాళ్లకు రాయడానికి అచ్చంపేట నుంచి వేరే పెయింటర్ వస్తాడు. ఇస్రాయేలు అవతలి వాళ్లకు రాయడు. రాయమని అడిగే ధైర్యం కూడా ఊళ్లో ఎవరికీ లేదు.

అతని తండ్రి రాళ్లు కొట్టే కూలీ. కొడుకు చేతికి సమ్మెట వద్దని మిషన్ బడిలో వేశాడు. అక్కడ పాస్టరుగారు పలక మీద 'ఱ' రాసి చూపించిన రోజున, ఆ అక్షరం ముడుచుకుని పడుకున్న పిల్లిలా కనిపించి, పిల్లవాడు గంటసేపు దాన్నే దిద్దుతూ కూర్చున్నాడట. బడి ఎనిమిదితో ఆగిపోయింది కానీ అక్షరాలు ఆగలేదు. లారీల వెనక నంబర్లు, కిరాణా కొట్టు బోర్డులు, ట్రాక్టర్ ట్రాలీల మీద పిల్లల పేర్లు, చర్చి గోడ మీద వాక్యాలు, అన్నీ అతని కుంచె కిందనే పుట్టాయి. తరువాత ఫ్లెక్సీలు వచ్చి బోర్డులను మింగేశాయి. ఎన్నికల గోడలు మాత్రం మిగిలాయి. వానకు ఫ్లెక్సీ చిరుగుతుంది, గోడ చిరగదు.

పార్టీ అతనికి ఇంటిపేరు లాంటిది. అధికారం పోయిన పదేళ్లూ అందరూ కండువాలు మార్చుకుంటుంటే అతను మార్చుకోలేదు. జెండా దిమ్మెకు ప్రతి ఏడూ తనే రంగు వేసేవాడు, ఎండకు వెలిసిపోతే బాధపడేవాడు. పండుగ పూట బిడ్డకు తల దువ్వినంత శ్రద్ధగా చేసేవాడా పని.

గోడ రాసినప్పుడల్లా కుడివైపు కింది మూలన బొటనవేలంత అక్షరాలతో 'ఇస్రాయేలు ఆర్ట్స్' అని రాసుకోవడం అలవాటు. పన్నెండేళ్ల కిందటి సర్పంచి ఎన్నికల్లో ఒకసారి అది తప్పింది. తన పార్టీ అభ్యర్థికే రాస్తున్నాడు. పెయింట్ అడుగంటింది, పైన మబ్బు పట్టింది, సంతకాలు లేకుండానే నిచ్చెన దించేశాడు. ఆ అభ్యర్థి గెలిచి, ఏడాది తిరక్కుండానే చెరువు కట్ట మొరం మట్టినంతా లారీలకెత్తి అమ్ముకున్నాడు. అప్పుడు ఊరికి గోడ మూల గుర్తొచ్చింది. ఇస్రాయేలుకు ముందే తెలుసు, అందుకే పేరు పెట్టలేదు అన్నారు. పెయింట్ అయిపోయింది మొర్రో అని అతను ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకున్నారు. ఆ తరువాతి ఎన్నికల్లో మారయ్య నిలబడ్డాడు. ప్రతి గోడ మీదా సంతకం ఉంది. మారయ్య గెలిచి, చెప్పినట్టే వాడవాడకూ నీళ్ల పైపు వేయించాడు. ఇక ఊరి నమ్మకాన్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు. చదువురాని ముసలివాళ్లు కూడా ఎన్నికలొస్తే అభ్యర్థి పేరు కంటే ముందు గోడ మూలకు వంగి చూసేవారు.

మొదట్లో ఇస్రాయేలుకు ఇది తమాషాగా ఉండేది. మెల్లగా తమాషా పోయింది. నిజం చెప్పాలంటే, ఊరు అలా చూడడం అతనికి లోలోపల ఇష్టమైంది. కుంచెను ఆ మూలకు తీసుకుపోయేముందు ఒక్క క్షణం ఆగి, ఈ మనిషి ఎలాంటివాడు అని తనను తాను ప్రశ్నించుకోవడం మొదలుపెట్టాడు.

ఈసారి తన పార్టీ నిలబెట్టింది కృష్ణకాంత్‌ను. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. కృష్ణకాంత్‌కు ఉంగరం వచ్చింది, అవతలి హనుమంతుకు కత్తెర వచ్చింది. ఉంగరం ఏ పార్టీదో, కత్తెర ఏ పార్టీదో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కృష్ణకాంత్ నిన్నమొన్నటి దాకా అవతలి పార్టీవాడే. ప్రభుత్వం మారగానే ఇవతలికి వచ్చాడు. అది కూడా ఇస్రాయేలు మింగగలడు. మింగుడు పడనిది ఒక కూరగాయల సంచి.

లాక్‌డౌన్ నాటి మాట. రేషన్ కొట్టు ముందు జనం దూరం దూరం నిలబడడానికి ఇస్రాయేలు తెల్ల సున్నాలు గీస్తున్నాడు. ఎదురుగా అరుణమ్మ ఇల్లు. ఒంటరి ముసలమ్మ. అప్పుడు వార్డు మెంబరుగా ఉన్న కృష్ణకాంత్ వచ్చి ఆమె చేతిలో టమాటాలు, ఉల్లిగడ్డలు, నూనె ప్యాకెట్ ఉన్న సంచి పెట్టాడు. ఫోటో తీయించుకున్నాడు. తరువాత ఆ సంచిని మెల్లగా ఆమె చేతుల్లోంచి తీసుకుని పక్కింటికి పోయాడు. అక్కడా ఫోటో. ఆ పక్కింట్లో మళ్లీ ఫోటో. ఒకే సంచి వాడంతా తిరిగి, చివరికి కృష్ణకాంత్ బండికే తగులుకుని వెళ్లిపోయింది. అరుణమ్మ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. ఇస్రాయేలు గీస్తున్న సున్నా ఆ పూట గుడ్డులా వంకరపోయింది.

ఆ వారమే అతని తమ్ముడు సతీశ్ షాద్‌నగర్ కంపెనీలో పని పోయి, భార్యాపిల్లలతో నడుచుకుంటూ ఊరికి చేరాడు. రోగం తెచ్చారంటూ ఊరివాళ్లు వాళ్లను పొలిమేరలోనే ఆపేశారు. హనుమంతు తన పశువుల కొట్టం ఊడ్పించి వాళ్లను పద్నాలుగు రోజులు ఉంచుకున్నాడు. అతని నోరు మంచిది కాదు. బూతులు లేకుండా పిల్లిని కూడా పిలవడు. ఆ పద్నాలుగు రోజులూ వాళ్లను తిడుతూనే వండి పంపించాడు. అలాంటివాడు అవతలి పార్టీలో ఉండడం ఇస్రాయేలుకు చెప్పులో రాయి అయింది.

అయినా పార్టీ పార్టీయే కదా అనుకుని రెండు రోజుల్లో ఊళ్లో గోడలన్నీ రాసేశాడు. అన్నిటికంటే మంచి గోడ అరుణమ్మదే. బస్సు ఆగే చోటుకు ఎదురుగా, బారుగా, ఎండ నేరుగా పడే గోడ. అడిగితే ఆమె కాదనలేదు. దాని మీద 'నీతికి నిలువుటద్దం' అని రాయమని కృష్ణకాంత్ చీటీ పంపాడు. ఇస్రాయేలు రాశాడు. చీటీలో ఉన్నది రాయడం తన పని. కానీ కింది మూలకు వచ్చేసరికి కుంచె ఆగిపోయింది. ప్రతి గోడ దగ్గరా అలాగే ఆగింది.

తెల్లారేసరికి ఊరంతా వంగి చూసి లేచింది.

మూడో రోజున కృష్ణకాంత్ నవ్వుకుంటూ వచ్చాడు. చేతిలో కొత్త పెయింట్ డబ్బా ఉంది.

"అన్నా, అన్ని గోడలు ముత్యాలోలె రాసినవ్. మూలకు నీ పేరు రాయ మర్చినట్టున్నవ్."

పెయింట్ అయిపోయిందని ఇస్రాయేలు గొణిగాడు. కృష్ణకాంత్ డబ్బాను అరుగు మీద పెట్టి మూత కూడా తనే తీశాడు.

"ఇగో, తెచ్చిన. నువ్వు పేరు పెట్టకుంటే ఓడేది నేనొక్కన్నే గాదన్నా, మన పార్టీ ఓడుతది. పదేండ్లు జెండా మోసినోనివి, పార్టీ నిన్నే చూస్తాంది."

అతను వెళ్లాక ఇస్రాయేలు అరుగు మీదనే కూర్చుండిపోయాడు. సంతకం పెడితే ఊరికి అబద్ధం చెప్పినట్టు. పెట్టకపోతే ముప్పై ఏళ్ల పార్టీని చేతులారా ఓడించినట్టు. భార్య కోమల బియ్యం చెరుగుతూ అతన్నీ, మూత తీసిన డబ్బానూ మార్చి మార్చి చూసింది.

"నన్ను చూసి పెండ్లికి ఒక్క పూటల ఒప్పుకున్నవ్. గా మూల మీద రెండు మాటలకు మూడు దినాలాయె."

"నీ మీద ఊరు ఓటెయ్యలే గదనే."

"గోడ అరుణమ్మది. సంచి అరుణమ్మది. పొయ్యి ఆమెనే అడుగరాదు, నన్నెందుకు తింటవ్."

అరుణమ్మ కోపంగా లేదు. వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని వక్క నములుతోంది. ఆ సంచి తనకు బాగా గుర్తుందనీ, నూనె ప్యాకెట్ మీద పొద్దుతిరుగుడు పువ్వు కూడా ఉందనీ చెప్పింది. ఆ సంచి తెచ్చి ఇస్తే సరిపోతుందనీ, మనిషన్నాక తప్పు చేస్తాడనీ, దిద్దుకుంటే సంతకం పెట్టెయ్యమనీ అంది. ఇస్రాయేలుకు గుండె తేలికైంది. తన పార్టీ నిలబడడానికి ఒక దారి దొరికింది. ఎగురుకుంటూ పోయి కృష్ణకాంత్‌కు చెప్పాడు. ఇంతేనా అని కృష్ణకాంత్ నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. సంచి నాటిదానికి రెండింతలుంది. దాంతోపాటు ఫోన్లు పట్టుకున్న ముగ్గురు మనుషులూ వచ్చారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సును వదిలేసి ఇటు తిరిగారు. ఇస్రాయేలు డబ్బా, కుంచె పట్టుకుని గోడ పక్కన సిద్ధంగా ఉన్నాడు. కృష్ణకాంత్ వంగి అరుణమ్మ కాళ్లు మొక్కి, సంచి ఆమె ఒళ్లో పెట్టాడు. ఫోన్లు ముందుకు వచ్చాయి. అరుణమ్మ కొంగు సర్దుకుని, కళ్లార్పకుండా వాటివైపు చూసింది. ఫోన్లు కిందికి దిగేదాకా ఓపికగా ఆగింది. తరువాత రెండు చేతులతో సంచి ఎత్తి పట్టింది.

"అయిపోయిందా బిడ్డా? ఇగ తీస్కపో. పక్కింటోళ్లకు గావాలె గదా."

ఆమె పరాచికమే ఆడింది. కానీ కృష్ణకాంత్ వెంట ఉన్న మనిషికి అలవాటు ఎంతగా చేతికి ఎక్కిందంటే, ఆలోచించకుండానే ముందుకు వచ్చి సంచి అందుకున్నాడు. అందుకుని రెండడుగులు పక్కింటి వైపు వేశాడు కూడా. అప్పుడు గానీ ఏం చేశాడో అతనికి తెలియలేదు. బస్సు స్టాపులో ముందు ఒక్కరు నవ్వారు. ఆ నవ్వు ఎండుగడ్డికి అంటుకున్నట్టు వాడ చివరి దాకా పోయింది.

సంచి ఆమెకు తిరిగి ఇమ్మని కృష్ణకాంత్ చెప్తే బహుశా ఇస్రాయేలు అప్పటికీ సంతకం పెట్టేవాడే. అతను చెప్పలేదు. ఫోన్ల వైపు తిరిగి, కాళ్లు మొక్కిన ఫోటోలు పంపండి అన్నాడు. ఇస్రాయేలు డబ్బాకు మూత బిగించి, అతని బండి మీద పెట్టి, నడిచిపోయాడు.

అలా నడుస్తూ నడుస్తూ హనుమంతు కొట్టం ముందు తేలాడు. ఆ గోడ మీద అచ్చంపేట పెయింటర్ రాసిన అక్షరాలు గాలికి ఒరిగిన జొన్నచేనులా ఉన్నాయి. పేరు ముందు ఏదో బిరుదు కోసం ఖాళీ వదిలి, రాయకుండానే పోయాడు. ఇస్రాయేలు ఇంటికి పోయి తన సొంత రంగులు తెచ్చుకున్నాడు. నిచ్చెన వేస్తుంటే హనుమంతు లోపలి నుంచి వచ్చి, రాయడానికి వీల్లేని రెండు మాటలతో పలకరించి, తరువాత గొంతు తగ్గించి అడిగాడు.

"నీ పార్టీ ఊకుంటదా ఇస్రాయేలన్నా?"

"ఊకోదు."

బిరుదు ఏం రాయాలని ఇస్రాయేలు అడగలేదు. ఖాళీ మీద సున్నం పూశాడు. పేరు నిలబెట్టి రాశాడు, కత్తెరకు పదును పెట్టాడు. మూలకు వచ్చేసరికి కుంచెను మళ్లీ రంగులో ముంచాడు. ఈసారి ఆగకుండా 'ఇస్రాయేలు ఆర్ట్స్' అని రాశాడు.

మధ్యాహ్నానికల్లా పార్టీ వాట్సాప్ గ్రూపులోంచి అతన్ని తీసేశారు. అన్నం ముందు కూర్చుని ఫోన్ వైపే చూస్తున్న మొగుడి కంచంలో కోమల ఇంకో గరిటె పప్పు వేసింది. ఇక పొద్దున్నే ఆ పూలూ, ఆ శుభోదయాలూ ఉండవు, హాయిగా నిద్రపోవచ్చు అంది. అతను నవ్వాడు కానీ కంచం అలాగే వదిలి లేచాడు. సాయంత్రం తెలియకుండానే జెండా దిమ్మె దాకా పోయి, దాని మీది దుమ్ము తుడిచి వచ్చాడు.

హనుమంతు ఇరవై మూడు ఓట్లతో గెలిచాడు. ప్రమాణం చేసిన వారానికి అచ్చంపేట పోయి కొత్త కండువాతో తిరిగొచ్చాడు. అది ఇస్రాయేలు పార్టీ కండువా. ఏ పార్టీ కోసమైతే ఇస్రాయేలు అతన్ని ముప్పై ఏళ్లు దూరం పెట్టాడో, ఆ పార్టీలోకే అతను చక్కగా నడిచి వచ్చాడు. అదే సాయంత్రం ఇస్రాయేలును మళ్లీ గ్రూపులో చేర్చారు. ఫోన్ మోగుతూనే ఉంది, అతను తీయలేదు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక పెరట్లో కుంచెలు కడుగుతూ కూర్చున్నాడు. కడిగిన కుంచెనే మళ్లీ మళ్లీ కడిగాడు.

మర్నాడు హనుమంతే వచ్చాడు. బూతులు లేకుండా మాట్లాడుతున్నాడంటే మనసులో ఏదో ఉందని అర్థం. వాగు మీద వంతెన కావాలంటే అటువైపు పోక తప్పలేదనీ, కొట్టం గోడ మీద తన పేరును కొత్త పార్టీ రంగులోకి మార్చాలనీ చెప్పాడు. ఇస్రాయేలు తల ఎత్తి అతన్ని చూశాడు. కండువా కొత్తది, మడతలు ఇంకా విప్పుకోలేదు. దాని పైన ముఖం మాత్రం పాతదే.

"రంగు మారుస్త. గని మూల మీది నా పేరు నీ పార్టీని చూసి పెట్టింది గాదు, నిన్ను చూసి పెట్టిన. అరుణమ్మ సంచి అసుంటి పని నువ్వు ఒక్కటి చేసినవనుకో, నిన్ను అడుగ గూడ అడుగ. సున్నం తీస్కొని వస్త."

హనుమంతు నోటికి వచ్చిన తిట్టును మింగాడు. మెడ గోక్కున్నాడు. ఆ మూల పేరు జర చిన్నగ రాయరాదే, దూరం నుంచి గూడ కనిపిస్తాంది అన్నాడు.

ఇస్రాయేలు సరేనన్నట్టు తలూపి, వెళ్లి గోడకు రంగు మార్చాడు. మూలన ఉన్న తన పేరును చెరిపి, ముందటి కన్నా జానెడు పెద్దగా రాశాడు.