బాలింతకు ఇవ్వని కొట్టం

ఒక ముసలమ్మ మీద నేను వేసిన నింద ఆమె చచ్చిపోయినా చావలేదు. బతికినన్నాళ్లూ దాని బరువు మోసింది ఆమె. కాదనను. కానీ దించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉండి, దించకుండా ముసలివాణ్ణి కావడం ఉందే, అది వేరే బరువు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చుంటే నేనింకా అబద్ధమే చెబుతాను.

ఈ చుట్టుపక్కల నన్ను కోపిష్టి అంటారు. రేషను బియ్యంలో రాళ్లుంటే అరిచాను. పంతులు బడికి రాకపోతే అరిచాను. పేదవాణ్ణి నిలబెట్టి డబ్బున్నవాణ్ణి కూర్చోబెడితే ఎంతటివాణ్ణయినా కడిగేశాను. తప్పు కనబడితే ఊరుకోడని పేరు. ఊరుకున్నది ఒక్కచోటే.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరికేది కాదు. మదనపల్లె నుంచి పుంగనూరుకు పోయే బస్సులకు వెనక పెద్ద పొయ్యి తగిలించి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవారు. ఆ బొగ్గు చేసే చోటు పుంగనూరు అవతల, కొండల నడుమ ఒక పల్లం. కట్టెలు పేర్చి, పైన ఆకూ మన్నూ కప్పి, మంట లేవకుండా లోలోపలే మగ్గబెట్టే బట్టీలు. కంట్రాక్టరు తరఫున అక్కడ మేస్త్రీని నేను. పనివాళ్ల గుడిసెలు పల్లంలో, బట్టీల పక్కనే. నా కొట్టం మాత్రం పైన, కొండ నడుము దగ్గర.

పైనే ఎందుకు కట్టించుకున్నాను?

ఈ ప్రశ్న దగ్గరే నా సాకులన్నీ ఆగిపోతాయి. చలికాలంలో ఆ పల్లంలో గాలి చచ్చిపోయేది. తెల్లారేసరికి మంచు కుండలో పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టి ఉండేది. బట్టీల పొగ కొంత ఎత్తు లేచి, పైన ఎవరో కప్పు వేసినట్టు అక్కడే అడ్డంగా పరుచుకుని, మళ్లీ కిందికే దిగేది. నా కొట్టం ముందు ఎండ. కాళ్ల కింద తెల్లటి మంచు, ఆ మంచులోంచి మనుషుల దగ్గులు. చాలా ఏళ్ల తర్వాత ఒక పాత పుస్తకంలో చదివాను, చల్లగాలి బరువుగా పల్లంలో కూర్చుంటుందనీ, పైన వెచ్చటి గాలి మూతలా ఉంటే పొగకు దారి దొరకదనీ. బడికి పోనివాణ్ణి, పత్రికల మీద నేర్చుకున్న చదువుతోనే కూడబలుక్కుంటూ చదివాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పాలంటే సిగ్గు. చంపింది కొండలే, కాలమే, నేను కాదు అనుకున్నాను. కానీ పుస్తకం చదవకముందే, అందరికంటే ముందే, నా కొట్టం ఎక్కడ వేయాలో నాకు తెలుసు గదా.

మునెప్ప అని బట్టీ కాల్చే మనిషి. అతని కూతురు రెడ్డెమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, పల్లంలోని గుడిసెలోనే మగబిడ్డను కన్నది. పురుడు పోసింది మంత్రసాని గౌరమ్మ. పుంగనూరు నుంచి రామసముద్రం దాకా ఏ ఇంట్లో నొప్పులు వచ్చినా ఆమె కోసమే మనిషిని పంపేవారు. ఆ వారమంతా ఆకు కదల్లేదు. మధ్యాహ్నానికి కూడా మంచు విడవలేదు. ఒక సాయంత్రం గౌరమ్మ రొప్పుతూ కొండెక్కి నా దగ్గరికి వచ్చింది.

"అప్పా, బిడ్డ దగ్గతా ఉండాడు. గుడిసెలో పొగ కండ్లు తెరవనీదు. ఈడ సూడు, ఎంత తేటగా ఉండాదో. గాలి మళ్లేదాకా తల్లినీ బిడ్డనీ నీ కొట్టంలో పండబెట్టుకుంటా."

"నా కొట్టంలోనా? నేను వండుకుని తినేది ఈడే అవ్వా. పురుటి మైల ఈడికి తెస్తావా?"

ఆమె నవ్వింది. "నువ్వేమన్నా మైల లేకుండా ఊడిపడినావా అప్పా? నిన్ను కూడా నా మాదిరి ముసల్దే పట్టుకునుంటాది."

ఆ నవ్వు నాకు తగిలింది. బట్టీల వాళ్లకు పురుడు పోసే ఆడమనిషి నన్ను చూసి నవ్వడమా అనిపించింది. అదే కొట్టం ముందు కూర్చుని, తెల్లవాడు మనల్ని మనుషులుగా చూడడం లేదని పత్రిక చదివి వాళ్లకు వినిపించేవాణ్ణి నేను.

"లోపలికి రాములేప్పా. పంచలో సోటిస్తే సాలు" అంది.

"పో అవ్వా, పో. తలుపు మూసి సందుల్లో తడిగోనెలు కుక్కు, పొగ యాడనుంచి వస్తాదో సూస్తాం. సలికి కుంపటి పెట్టుకో. బొగ్గుకేమన్నా కరువా ఈడ?"

"అట్లనే సెయ్యమంటావా?"

"అట్లనే."

మూసిన గదిలో బొగ్గు రాజేస్తే తల తిరుగుతుందని బట్టీల దగ్గర పనిచేసే ఎవరికి తెలియదు? నాకు తెలియదా? తెలుసు. ఆమెను పంపించెయ్యాలి, అంతే. నా మాట ఆమె పోయి నిజంగా చేస్తుందని అనుకున్నానా? అనుకోలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మేస్త్రీ మాట చెయ్యక ఏం చేస్తుంది?

తెల్లవారి గౌరమ్మ తలుపు తోసుకుని బయటపడి వాంతి చేసుకుంది. రెడ్డెమ్మను నలుగురు మోసుకొచ్చి బయట పడుకోబెడితే మెల్లగా తెలివి వచ్చింది. బిడ్డకు రాలేదు.

కేకలు విని నేను దిగిపోయాను. మంచులో మునెప్ప మొహం సరిగా కనబడలేదు, గొంతే వినబడింది. "తలుపు మూసి నిప్పు యాల పెట్టినావు ముసల్దానా?" గౌరమ్మ నా వైపు చెయ్యి చూపింది. "మేస్త్రీ అప్పే సెప్పినాడు."

అందరూ నన్ను చూశారు. అవునని ఒక్క మాట. అంతే కావలసింది.

"పురుటింటి సంగతి మొగోడికేం తెలుసు? నన్ను అడిగి పెట్టినావా కుంపటి?" అన్నాను. కోపంగా అన్నాను. కోపం నాకు ఎప్పుడూ బాగా వచ్చేది. నమ్మారు.

ఆ తర్వాత ఏ ఇంటివాళ్లూ గౌరమ్మను కాన్పుకు పిలవలేదు. కుప్పంలో తమ్ముడి పంచకు చేరింది. యుద్ధం అయిపోయాక పనిమీద కుప్పం పోయినప్పుడు చూశాను. ఎవరి వాకిట్లోనో కూలికి చింతపండు గింజలు తీస్తోంది. చెప్పాలనే దగ్గరికి పోయాను. ఆమే ముందు అడిగింది, "రెడ్డెమ్మకు మళ్లా బిడ్డలు పుట్టినారాప్పా?" పుట్టారన్నాను. "సల్లగా ఉండనీ" అని గింజలు తీసుకుంటూ పోయింది. తిట్టి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఇది కూడా సాకే. బస్సుకు వేళయిందని వచ్చేశాను.

గౌరమ్మ పోయింది. మునెప్పా రెడ్డెమ్మా పోయారు. రెడ్డెమ్మ సంతానం పుంగనూరులో ఉన్నారు. తమ అన్నను ఒక మంత్రసాని చంపిందని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, నా ఎదురుగానే చెప్పుకుంటారు, నేను తల ఊపుతాను. ఈ కాగితం వాళ్లకు అందితే అందనీ. ఆమె మంచి చోటు అడిగింది. నేను ఇవ్వలేదు. తలుపు మూసి నిప్పు పెట్టమన్నది నేను. లేదని బొంకింది నేను.

ఈ మాటలు నా చేతి నుంచి రావడం ఇదే మొదలు. మీరు క్షమించకండి, ఆ హక్కున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. నన్ను నేనూ క్షమించను. ఇక ఎవరైనా గౌరమ్మ పేరెత్తితే తల ఊపాల్సిన పని లేదు. ఆ మాత్రం చాలు నాకు.